చందనం ఒలిచిన రోజు: సిరిసిల్ల నుంచి సింహాచలం, భీమిలి

మొక్కు నాది కాదు. నా భార్య సుజాతది. హైదరాబాద్ ఆసుపత్రిలో ఆమె పక్క మంచం మీద శ్రీకాకుళం జిల్లా ఆవిడ ఒకరు ఉండేవారు. బయట రోడ్ల మీద రాష్ట్రం కోసం కొట్లాట జరుగుతుంటే లోపల వీళ్లిద్దరూ ఒకే దువ్వెనతో తల దువ్వుకునేవారు. ఆవిడే సింహాచలం అప్పన్న గురించి చెప్పింది. ఏడాదంతా స్వామి ఒంటి నిండా గంధం పూతే ఉంటుందట. వైశాఖంలో అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే దాన్ని ఒలిచి అసలు రూపం చూపిస్తారట. ఆపరేషన్ అయ్యాక లేచి నడిస్తే ఆ రోజుకు వచ్చి నిన్ను చూస్తానని సుజాత మొక్కుకుంది. ఆపరేషన్ అయింది. ఆమె లేవలేదు.

నా లెక్కలో మొక్కు అక్కడితో రద్దు. సిరిసిల్లలో ఉండే మా అత్తమ్మ లెక్క వేరు. చలికాలం నుంచీ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "గా చందనం తీసే రోజుకు నన్ను తీస్కపో అల్లుడా. వేరే రోజు వద్దు." అడిగింది ఇవ్వనివాడికి మొక్కు ఎందుకు తీర్చాలని అడిగాను. "నువ్వు సదువుకున్నోనివి, నీకు సమజ్ కాదు" అని ఫోన్ పెట్టేసింది. డెబ్బై ఏళ్ల మనిషి. మోకాళ్లు అరిగిపోయాయి. ఈసారి తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. ఏడాది తర్వాత ఆ మోకాళ్లు కొండ మీద నిలబడతాయన్న నమ్మకం ఆమెకు లేదు, నాకూ లేదు. ఒప్పుకున్నాను.

మా జగిత్యాల, కోరుట్ల వైపు నుంచి వేసవిలో విశాఖ తీరానికి పోదామనుకునే వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మొదటి సంగతి, ఉద్యమం నడుస్తున్నప్పుడు రైలును నమ్మకండి. నేను ముందే వరంగల్ నుంచి విశాఖకు రెండు బెర్తులు తీసుకున్నాను. పండుగకు రెండు రోజుల ముందు చేరి, సముద్రం, కైలాసగిరి, భీమిలి తాపీగా చూసుకుని, తర్వాత దర్శనం చేసుకుందామని నా ఆలోచన. రైల్‌రోకో అన్నారు. రైలు రద్దయింది. బస్సులు డిపోలోంచి కదలడం లేదు. చివరికి కోరుట్ల బస్టాండు దగ్గర ఇండికా కారు నడిపే ఖాజాను మాట్లాడుకున్నాను. కిలోమీటరుకు ఎనిమిది రూపాయలు, బత్తా వేరు. పండుగ ముందు రోజు పొద్దున ఆరింటికి బయల్దేరితే రాత్రి పదికల్లా విశాఖలో దింపుతానని మాటిచ్చాడు.

ఆ పొద్దున బండి చుట్టూ తిరిగి చూస్తే నంబరు ప్లేటు మీద ఏపీ లేదు. దాని స్థానంలో టీజీ అని కొత్త రంగు మెరుస్తోంది. ఈ మధ్య మా దగ్గర సగం బండ్లకు అదే.

"ఖాజా, మనం పోయేది విశాఖపట్నం."

"అవ్ సార్."

"ఈ ప్లేటుతోనా?"

"తెలంగాణ రావాల్నా వద్దా సార్?"

రావాలి. నాకూ కావాలి. అది విశాఖ రోడ్డు మీద నిరూపించాలని మాత్రం నాకు లేదు. వాదించే ఓపిక లేక ఎక్కి కూర్చున్నాను. కోరుట్లలో పెట్రోలు బంకులు మూసేశారు. డీజిల్ కోసం జగిత్యాల దాకా పోవలసి వచ్చింది. మేడిపల్లి దగ్గర రోడ్డు మీద టైర్లు తగలబెట్టారు. అక్కడున్నవాళ్లు ప్లేటు చూసి జై తెలంగాణ అని రాళ్లు పక్కకు జరిపారు. ఖాజా అద్దంలోంచి నన్ను చూశాడు. నేను కిటికీలోంచి బయటకు చూశాను.

వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరేసరికి తొమ్మిది దాటింది. బంద్ కాబట్టి మరమగ్గాల చప్పుడు లేదు. ఊళ్లోకి పోయే చోటనే రోడ్డుకు అడ్డంగా వంటావార్పు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, రాస్తారోకోలో ఇదొక పద్ధతి. నడిరోడ్డు మీద రాళ్లపొయ్యిలు పెట్టి, వంట చేసి, అక్కడే బంతిగా కూర్చుని తింటారు. తినడం అయ్యేదాకా బండ్లు కదలవు. దిగి అత్తమ్మ ఇంటికి నడిచాను. తాళం. పక్కింటామె నవ్వింది. "మీ అత్త రోడ్డు మీద ఉన్నది. పప్పు ఆమె చేతిదే."

వెనక్కి నడిచాను. నడుముకు కొంగు చుట్టి, పెద్ద గంజులో గరిటె తిప్పుతోంది.

"అత్తమ్మా, బండి వచ్చింది. పోవాలె."

"పప్పు ఉడకలే అల్లుడా."

"దర్శనం రేపే."

"నాకు ఎరుకలేదా? నేను పోతే ఉప్పు ఎవలు ఏస్తరు? గీళ్లకు చెయ్యి కుదరదు."

ఆమె పక్కన బియ్యం కడుగుతున్న ఆమె ఊరుకోలేదు. "ఏందే రాజవ్వా, ఈడ ఆంధ్రోళ్ల మీద లొల్లి, ఆడ ఆంధ్ర దేవునికి మొక్కు. ఏదన్న ఒక్కటి పట్టుకో."

అత్తమ్మ తల ఎత్తలేదు. "దేవునికి ఏ జిల్లా ఉంటదే? నీ అన్నం మాడుతున్నది, గది చూస్కో."

నేనూ ఖాజా తారు రోడ్డు మీద విస్తరి ముందు కూర్చుని తిన్నాం. వేరే దారి లేదు. పప్పు బాగుంది. ఒంటిగంటకు రోడ్డు వదిలారు. అత్తమ్మ చేతులు కడుక్కుని, రెండు సీసాల చల్ల, రొట్టెల మూట, పసుపు కుంకుమల సంచీ పట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. "ఇంక పోనీయ్ కొడుకా, ఆలస్యమైంది" అంది ఖాజాతో, ఆలస్యం మేమే చేసినట్టు.

మా దారి కరీంనగర్, వరంగల్, ఖమ్మం, సత్తుపల్లి, రాజమండ్రి. ఆరు వందల కిలోమీటర్లు పైనే. ఖమ్మం దాకా ఇంకో రెండు చోట్ల ఆపారు. రెండు చోట్లా ప్లేటు చూసి వదిలారు. అశ్వారావుపేట దాటాక ఆ ప్లేటుకు మర్యాద లేదు. టీ కోసం ఆగిన చోటల్లా జనం దాన్ని చూసి, తర్వాత మమ్మల్ని చూసేవారు. రాత్రంతా బండిలోనే గడిచింది. తెల్లారుతుండగా తుని దగ్గర ఒక కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏ రాష్ట్రం బండి ఇది?"

"రాబోయే రాష్ట్రం సార్" అన్నాడు ఖాజా.

నేను కళ్లు మూసుకున్నాను.

"అయితే అది వచ్చాకే రండి. అందాకా పక్కన పెట్టు."

దిగి బతిమాలాను. ప్లేటు సరిచేస్తే కానీ కదలనివ్వనన్నాడు. ఆ వేళప్పుడు రంగులు వేసేవాడు ఎక్కడ దొరుకుతాడు? పావుగంట చూసి అత్తమ్మ దిగింది. స్వామి కోసం తెచ్చిన పసుపు పొట్లం విప్పింది. మా వైపు పసుపు, చిక్కటి రంగు. అరచేతిలో చల్ల పోసి కలిపి, ముందు ప్లేటు మీదా వెనక ప్లేటు మీదా అక్షరాలు కనపడకుండా మందంగా పూసింది. అంకెలు ముట్టుకోలేదు. పైన కుంకుమ బొట్టు పెట్టింది.

"బండికి పూజ చేసినం కొడుకా. గిప్పుడు చెప్పు, ఏ రాష్ట్రం?"

కానిస్టేబుల్ కాసేపు ప్లేటు చూశాడు, కాసేపు ఆమెను చూశాడు. "కొండకేనామ్మా?"

"అవ్."

"వెళ్లండి. తిరిగెళ్లేటప్పటికి ఇది మార్పించండి."

ఖాజా మొహం మాడ్చుకుని నడిపాడు. "గిట్ల చేస్తివేంది అమ్మా?"

"దర్శనం అయినంక కడుక్కో. పసుపు పూస్తె వచ్చే రాష్ట్రం ఆగదు."

సింహాచలం కొండ కిందికి చేరేసరికి ఎనిమిదైంది. ఆ రోజు మా బండిని పైకి పోనివ్వలేదు. కింద వదిలి, కొండ మీదికి తిప్పే బస్సు ఎక్కాం. మెత్తటి చెప్పులు, నీళ్లు, గొడుగు తప్పనిసరి. మా వైపు ఎండ నెత్తి మీద కొడుతుంది. అక్కడి ఎండ చొక్కా లోపల ఉంటుంది. టికెట్ల వరుసలు వేరు, ఉచిత దర్శనం వరుస వేరు. ఏది ఎక్కడ మొదలవుతుందో తెలుసుకునే లోపే ఒక వరుసలో ఇరుక్కుపోయాం. అది ఉచితం వరుస. ఇక బయటకు రావడానికి లేదు.

మా వెనక ఒక పెద్దాయన, విజయనగరం దగ్గరి రైతు, మా మాటలు విని నవ్వాడు. "తెలంగాణోళ్లేటి? రాష్ట్రం ఇచ్చేస్తే మా అప్పన్నలో కూడా వాటా అడుగుతారేటి?"

"మాకు ధర్మపురిల నర్సింహసామి ఉన్నడు" అంది అత్తమ్మ. "మీ అప్పన్నను మీరే ఉంచుకోండి. నేను ఒక్కసారి మొఖం చూసి పోత."

ఆయన ఇంకా నవ్వి, తన గుడ్డల మూట కింద పెట్టి "కూకో అప్పా" అన్నాడు, అక్కను అక్కడ అలా పిలుస్తారు. వరుస కదిలినప్పుడల్లా ఆ మూటను ఆయన జరిపాడు, అత్తమ్మ కూర్చుంది. మధ్యాహ్నం అయ్యేసరికి నాకు అందరి మీదా కోపం వచ్చింది. రైలు మీద, వంటావార్పు మీద, ప్లేటు మీద, లేచి నడిస్తే అని ఒక షరతు పెట్టి, అది నెరవేరకపోయినా మమ్మల్ని ఇక్కడ నిలబెట్టిన మొక్కు మీద.

మూడు దాటాక లోపలికి వెళ్లాం. గుమ్మం దగ్గర నేల తడిగా ఉంది. "నడండి, నడండి" అని అరుపులు. అత్తమ్మ నడవలేదు. గడప పక్కన రాతిని పట్టుకుని ఆగిపోయింది. కుడిచెయ్యి ఎత్తింది. దండం కాదు, వేలు చూపించింది. ఏదో అంది. గంటల మోతలో నాకు వినపడలేదు. ఆమె పాదం జారుతుందేమోనని నేను ఆ పాదాన్నే చూస్తూ మోచెయ్యి పట్టుకున్నాను. వెనకనుంచి తోశారు. తల ఎత్తేసరికి బయట ఉన్నాం. నేను స్వామిని చూడలేదు.

"మొక్కు తీరిందా?" అని అడిగాను.

"ఆకలైతున్నది" అంది.

ఆ సాయంత్రం విశాఖ బస్ కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో దిగాం. రెండు గదులు, ఒక్కోటి ఆరు వందలు. మర్నాడు పొద్దున్నే బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి వెళ్లాం. చూడాలనుకునే వాళ్లకు ఇదే నా సలహా క్రమం. ఐదున్నరకు రామకృష్ణా బీచ్, అక్కడి నుంచి రుషికొండ, ఎండ ముదరక ముందే భీమిలి. ముప్పై కిలోమీటర్లు కూడా లేదు. దారంతా కుడివైపు సముద్రమే. భీమిలిలో పాత దీపస్తంభం, డచ్చివాళ్ల సమాధులు, ఏరు సముద్రంలో కలిసే చోటు ఉన్నాయి. సమాధుల మీద పేర్లు అరిగిపోయాయి. నేను అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు. వేసవిలో వేట నిషేధం కాబట్టి పెద్ద పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. వాటి నీడలో కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. అది మిగతా కాలంలో కనబడని దృశ్యం.

ఖాజాకు ఆ దృశ్యం నచ్చలేదు. రెండు రోజులుగా సముద్రపు చేప తినాలని చూస్తున్నాడు. హోటల్ వంటాయన చేతులు తిప్పాడు. "గుడ్లెట్టే కాలం బాబూ. పడవలెల్లవు. ఎండుచేపలున్నాయి, ఎయ్యమంటారేటి?"

"సముద్రం పక్కన కూసొని ఎండుచేపలు తినుడేంది సార్?" అని నా మీద పడ్డాడు, నిషేధం నేనే పెట్టినట్టు. అతని బండి ప్లేటు మీద మాత్రం పసుపు ఇంకా ఉంది. పొద్దున చూస్తే ఇంకో పూత పడింది.

ఒడ్డున ఒకామె తాటిముంజలు అమ్ముతోంది. డజను ఇరవై రూపాయలు. కాయ కొట్టి, ముంజ తీసి, ఆకులో పెట్టి ఇస్తుంది. అత్తమ్మ ఆమె పక్కన ఇసుకలో కాళ్లు చాపుకుని కూర్చుంది. నేను రెండడుగుల దూరంలో నిలబడ్డాను.

"అప్పన్న దర్శనానికొచ్చారేటమ్మా?"

"అవ్."

"ఏటి మొక్కుకున్నావు?"

"నేనేం మొక్కలే. నా బిడ్డ మొక్కింది. లేచి నడిస్తే వస్త అన్నది. లేవలే."

ఆమె కత్తి ఆగింది. "మరెందుకొచ్చావమ్మా అంత దూరం?"

"అడగనీకి." అత్తమ్మ సముద్రం వైపు చూస్తూ చెప్పింది. "కడమ దినాలు గంధం చాటున కూసుంటడంట గద. ముసుగేసుకున్నోన్ని ఏమడుగుత? మొఖం కనబడే రోజే పోవాలె అనుకున్న. నా బిడ్డ మంచంల పడి పిలుస్తుంటే ఏడున్నవురా అని అడిగిన."

"అప్పన్న ఏటన్నాడు?"

"ఏమంటడు? తల ఎత్తలే."

ముంజలామె మళ్లీ కత్తి ఎత్తింది. చేతిలో ఉన్న కాయ కొట్టి, ముంజ తీసి అత్తమ్మ చేతిలో పెట్టింది. అత్తమ్మ పొట్టు ఒలుచుకుని తింది. నాకూ ఒకటి ఇమ్మని ఆమెకు సైగ చేసింది.

చలికాలం నుంచీ ఆమె అప్పు తీర్చడానికి పోతోందనుకుని కోప్పడుతూ వచ్చాను. ఆమెకూ నాకూ తగువు ఒకడితోనే. ఆమె వెళ్లి ఎదురుగా నిలబడి అడిగింది. నేను అడిగింది ఆమెనే, అదీ ఫోన్లో. తిరుగు ప్రయాణంలో ఆ విషయం ఇద్దరమూ ఎత్తలేదు. రాజమండ్రి దాటాక ఆమె సుజాత చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పింది. నేను ఇంకొకటి చెప్పాను. సత్తుపల్లి దాకా అట్లాగే సాగింది.

ఆ తీరం చూడటానికే పోయేవాళ్లు అక్షయ తృతీయ వారాన్ని వదిలేయండి, గదులు దొరకవు. చందనం ఒలిచే రోజుకే పోతే, పెద్దవాళ్లను పట్టుకోవడానికి మీరు కాక ఇంకో మనిషిని తీసుకెళ్లండి. గుమ్మం దగ్గర నేల తడిగా ఉంటుంది. పట్టుకున్నవాళ్లకు దేవుడు కనబడడు.