సొరబుర్రలో సగం నీళ్లు
కుంజా సునందకు విమానం నడపడం తాను నేర్పాడా, ములకలపల్లి అడవి నేర్పిందా? శిక్షకుడు బాబూరావుకు ఇప్పటికీ తేలలేదు. బ్యాటరీ విమానం ఎక్కేముందు ఆమె చిటికెడు దుమ్ము వదిలి గాలి చూస్తుంది. పక్కన ఎండు సొరబుర్రలో నీళ్లుండాల్సిందే. ఒంటరిగా ఎగిరే పరీక్షనాడు గోదావరి దాకా వెళ్లి రమ్మంటే, ఛార్జింగ్ సగానికి రాగానే, ఇంకాస్త దూరముండగానే వెనక్కి తిరిగింది.

"ఇంకా సగం ఉందిగదా, ఏంది గట్ల తిరిగినవ్? ఫెయిలు చేస్తా!" అని రేడియోలో అరిచాడు బాబూరావు.

"బుర్రల నీళ్లు సగమైతే అడవిల ఎవరైనా ఇంటికే మళ్లుతరు సార్!"

అంతలో ఎదురుగాలి లేచింది. ఆమె దిగేసరికి మిగిలింది పది శాతమే. గోదావరి దాకా పోయుంటే చెట్ల మీదే దిగేది. బాబూరావు నవ్వుకుంటూ పాసైనట్టు సంతకం పెట్టి తలెత్తాడు. విమానానికి ఛార్జింగ్ తీగ తగిలించి ఉంది. సునంద అప్పటికే నీళ్లు సగమైన బుర్ర భుజాన వేసుకుని, ఇంటికి బస్సెక్కేసింది.