పీతల కట్ట

"తెనాలి పోటీలో ఓడొచ్చావుగా! ఇప్పుడైనా ఓ డ్రాగన్ కార్డు కొనుక్కోవే."

"కొననండి మామ్మగారూ. ఇంకో పీత దొరికితే చాలు."

బాపట్లలో మా పై వాటాలో అద్దెకున్న కాలేజీ పిల్ల తను. వింతజంతువుల కార్డులాటంటే ప్రాణం. తోటివాళ్లు పనికిరావని విసిరేసిన పీత కార్డులే ఏరి కట్ట కట్టింది. ఒంటి పీతకు బలముండదట, పక్కన పీతలు చేరేకొద్దీ పెరుగుతుందట. మాట్లాడుతున్నంతసేపూ ఆ కట్టను మోకాలికేసి తడుతూనే ఉండేది.

"పీతలు పులుసుకే పనికొస్తాయి" అంటూ, చింతగింజ కూడా పారెయ్యని నేను నోటు తీసి తన చేతిలో పెట్టాను.

"కొన్న డ్రాగన్ గెలిస్తే నేను గెలిచినట్టా అండి?" అంది.

మర్నాడు పొద్దున ముగ్గేద్దామని డబ్బా తీస్తే, కింద నా నోటుంది. రేపల్లెలో ఎవరో వద్దనుకున్న పీత కోసం ఆ పిల్ల మొదటి బండికే వెళ్లిపోయింది.