గట్టు చూపులు

బందరులో ఇల్లు కట్టుకుంటున్న రోజులవి. గోడలు లేచాయి, స్లాబు పడింది. పని వంటింటి గట్టు దగ్గర ఆగిపోయింది. గట్టు మీద, బాత్రూమ్‌లో వాష్ బేసిన్ పక్కన తెల్ల టైల్సే వేయాలని మావారు. అద్దంలా ఉంటాయట. "అద్దం మీద పచ్చడి నూరతానా?" అని మా అత్తగారు. మేస్త్రి రోజూ వచ్చి, ఇద్దరి మాటా విని, టీ తాగి వెళ్లిపోయేవాడు.

చివరికి మావారి ఆఫీసులో ఒకాయన, గుడివాడలో తమ బంధువులింట్లో అలాంటి గట్టే ఉందనీ, వెళ్లి చూసి తేల్చుకోమనీ అన్నాడు. వాళ్లకి ఫోన్ లేదు. పక్కింటికి ఫోన్ చేసి కబురు చెప్పాడు.

మావారికి సెలవు దొరకలేదు. అత్తగారూ, నేనూ, మా మరిదీ బస్సెక్కాం. మరిదికి అప్పుడే ఉద్యోగం వచ్చింది, పెళ్లి కాలేదు. కొత్తవాళ్లింటికి వట్టి చేతులతో ఏం వెళ్తామని అత్తగారు బస్టాండులో అరటిపళ్లూ, పూలూ కొన్నారు.

గుమ్మంలోనే నాకు వింతగా అనిపించింది. ముగ్గు పెట్టారు. ఇంటాయన ఇస్త్రీ చొక్కాతో ఎదురొచ్చి, మా మరిది చేతులు రెండూ పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. సున్నుండలూ, వేడి వేడి బజ్జీలూ వచ్చాయి. గుడివాడ వాళ్లు మర్యాదస్తులనుకున్నాను.

అత్తగారు ఎక్కువసేపు ఆగలేదు.

"తెల్లగా బాగుంటుందని విన్నాం. కొన్నాళ్లకి నల్లబడదు కదండీ?"

ఇంటావిడ మొహం కాస్త ముడుచుకుంది. "మా ఇంట్లో అందరిదీ అదే రంగండీ."

"మచ్చలేమైనా?"

"చిన్నప్పుడు ఆటలమ్మ పోసింది. ఇప్పుడొక్కటీ లేదు."

ఆటలమ్మ మాట అత్తగారు వినిపించుకోలేదు. ఆవిడకి ఒక చెవి మందం. "పగుళ్లో?"

"చలికాలం మడమలు కొంచెం పగులుతాయి. ఎవరికి ఉండవండీ?" అన్నాడు ఇంటాయన.

నా గొంతులో బజ్జీ అడ్డం పడింది. ఏదో తేడాగా ఉందని తెలిసింది గానీ ముందు దగ్గు ఆపుకోవాల్సి వచ్చింది. ఈలోగా అత్తగారు, "మాది పెద్ద సంసారం. బరువు ఆపుకుంటుందా?" అనేశారు. సరిగ్గా అప్పుడే పట్టుచీర కట్టుకుని ఒకమ్మాయి కాఫీ ట్రేతో వచ్చింది. మా మరిది కప్పు అందుకుని, జేబులోంచి టేపు తీసి, ఎంతో వినయంగా అడిగాడు.

"ఎత్తు కొలుచుకోవచ్చా అండీ?"

ఇంటాయన లేచి నిలబడ్డాడు. "కొలవడమేంటయ్యా! మేం పిల్లని చూపిస్తున్నామా, గుడ్డ అమ్ముతున్నామా?"

"పిల్లేంటండీ?" అన్నారు అత్తగారు, ఈసారి బాగానే వినపడి. "మేం గట్టు చూడ్డానికొచ్చాం. మీ వంటింటి గట్టు!"

పక్కింటివాళ్లు చెప్పిన కబురల్లా, "రేపు బందరు నుంచి చూడ్డానికొస్తున్నారు" అనేనట. ఇంటాయన కూలబడ్డాడు. ఆయన మొహం చూస్తే నాకు జాలేసింది, సిగ్గేసింది. నవ్వింది ఆ అమ్మాయి ఒక్కతే. ట్రే కింద పెట్టి, చీర కుచ్చిళ్లు దోపుకుని, "రండి, చూపిస్తాను" అంది.

గట్టు దూరం నుంచి మెరుస్తోంది. దగ్గరికెళితే టైలుకీ టైలుకీ మధ్య సందుల్లో పసుపు, నూనె, దోశపిండి. "వేయించకండి పిన్నిగారూ," అంది అత్తగారితో. "ఈ సందులు పాత బ్రష్షుతో తోమలేక చస్తున్నాను. ఈ మూల నూరితే ఆ మూల ఊడుతోంది."

"దానికి పని చేతకాదండీ, గట్టు బ్రహ్మాండం!" అంది వాళ్లమ్మ గుమ్మంలోంచి. అని నాలిక్కరుచుకుని నా వైపు తిరిగింది. "ఇంతకీ అబ్బాయి ఏం చేస్తుంటాడమ్మా?"

చెప్పాను. కానీ ఆ అమ్మాయి మాకు కాఫీ మళ్లీ పోస్తూ, బీఎడ్ అయ్యేదాకా పెళ్లి మాటే వద్దని ఎప్పుడో చెప్పానని తేల్చేసింది.

తిరుగు బస్సులో అత్తగారు తీర్పు చెప్పారు. "వంటింట్లో నల్లరాయి. బాత్రూమ్‌లో మీ ఇష్టం, నేనక్కడ ఏమీ నూరను." అలాగే వేయించాం. మావారు కూడా ఎదురు చెప్పలేదు.

మా మరిది మాత్రం కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాడు. పెడన దాటాక నెమ్మదిగా అన్నాడు.

"వదినా, ఆ అమ్మాయికి బీఎడ్ ఎప్పుడవుతుందో అడిగావా?"