హోస్టా ఆకుల్లో భోజనం

మనం స్నేహితులమంతా ఒకరి తర్వాత ఒకరం చేత్తో రాసి పంపుకునే ఈ రాతపత్రిక రేపు పొద్దున్నే మేడ్చల్‌లో తర్వాతి వాళ్ల దగ్గరికి వెళ్తుందని ఈ సాయంత్రమే కూర్చుని రాస్తున్నాను. నాతో మద్రాసులో చదివి, నిరుడు కన్నుమూసిన జానకి నీలగిరి నుంచి తెచ్చి ఇచ్చిన హోస్టా, ఆకుల అందం కోసమే పెంచుకునే ఆ చలిప్రాంతపు మొక్క, మీకు గుర్తుందా? మా శామీర్‌పేట ఎండకు భయపడి, మామిడి నీడలో పెట్టి, రోజూ రెండు కడవలు పోయించి బతికించాను. ఈ ఏడే ఆకులు పళ్లేలంత అయ్యాయి. ఇవాళ మధ్యాహ్నం చుట్టాలు భోజనానికి కూర్చుంటే చూద్దును కదా, వాళ్ల ముందు పరిచినవి ఆ ఆకులే!

"ఎందుకు కోశావు మైసవ్వా?" అని మా పనామెను అడిగాను.

"మోదుగ ఇస్తర్లు ఒడిసినయమ్మా. దినాం రెండు కడవలు పోపిస్తిరి, ఇస్తర్లకే అనుకున్న. పువ్వు లేదు, కాయ లేదు, ఉత్త ఆకు ఎవరన్న ఊకెనే పెంచుతరా?"

లేచి మామిడి కిందికి వెళ్లాను. జానకిది నాకు మిగిలింది అదొక్కటే. మట్టిలో దాని దుంప బతికే ఉందా అని అప్పటి నుంచి మూడుసార్లు మట్టి తవ్వి చూశాను. అలా తవ్వడం వల్లే చస్తుందేమో, అదీ తెలియదు. తెలిసినవాళ్లెవరైనా ఉంటే నా చేతులు ఆపే మాట ఒకటి రాయండి, దయచేసి.