పగడాల తొట్టిలో కలుపు

కళ్యాణదుర్గం చుట్టుపక్కల వేరుశనగ పండించినవాళ్లలో, సముద్రపు కలుపును చేజేతులా సాకి, అసలు పైరును పెంటదిబ్బలో వేయించబోయిన మొనగాడు ఒక్కడే ఉన్నాడు. ఆ మొనగాణ్ని నేనే. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వుకోండి. పోనుపోను నాకు కోపం వస్తుంది.

రెండువేల ఐదో ఆరో ఆ ఏడు. మా వీధికి నాలుగు దినాలకొకసారి నీళ్ల ట్యాంకరు వచ్చేది. అట్లాంటి కాలంలో మా నడింట్లో మూడడుగుల గాజు తొట్టి నిండా ఉప్పునీళ్లు. అంతా నా బామ్మర్ది నాగరాజు పుణ్యం. బెంగళూరులో ఇల్లు మారుతూ, మూడు నెలలకని తొట్టినీ, అందులోని ఒకే ఒక్క బతికున్న పగడాన్నీ నాకు అప్పగించినాడు. పిడికెడు రాయి మీద పచ్చటి వేళ్లు, ఒక్కో వేలి కొన చిన్న సుత్తి మాదిరి. నాలుగేళ్లుగా బిడ్డను సాకినట్టు సాకినాడు.

"బావా, దీనికేమన్నా అయితే నేను మళ్లీ మీ గడప తొక్కను."

"ఏమప్పా, రెండాకుల మీదున్నప్పుడే ఇది పైరా కలుపా అని చెప్పేవాణ్ని. నాకు చెప్తాండావా నువ్వు?"

నా బడి చదువు ఐదో తరగతి. మిగిలిందంతా సొంత సంపాదన. నాగరాజు ఇచ్చిపోయిన ఇంగ్లీషు బొమ్మల పుస్తకం, ఒక నిఘంటువు, భూతద్దం ముందేసుకుని తొట్టికి కాపలా కూర్చున్నాను. రెండో వారంలో పక్కనున్న పెద్దరాయి మీద గోధుమరంగు మొలక ఒకటి లేచింది. గాజులాంటి కాడ, పైన సన్నని వెంట్రుకల కుచ్చు. పుస్తకం తిప్పినాను. ఆ పుస్తకం అచ్చేసినవాళ్లను నేనింకా క్షమించలేదు. ప్రతి బొమ్మనూ నీలం లైటు కింద తీసినారు. ఆ వెలుతురులో నిలబెడితే మా ఎద్దు కూడా పగడంలాగే ఉంటుంది. ఏదో ఒక బొమ్మ దగ్గర నా వేలు ఆగింది. పిల్ల పగడమని తేల్చేసినాను.

మా ఇంటామె నారాయణమ్మకు నమ్మకం కుదరలేదు. "తల్లి పచ్చగుంటే పిల్ల ఎర్రమన్ను రంగులో ఎట్లుంటాది?"

"మామిడి లేతాకు ఏ రంగులో ఉంటాది? ముదిరితే పచ్చబడదా?"

ఆమె చాట తీసుకుని వంటింట్లోకి పోయింది. ఆ జవాబు నాకు తోచకపోయుంటే ఎంత బాగుండు.

ఎండు రొయ్యల పొడి నానబెట్టి, ఆ మొలకకు పూటపూటా చుక్కలు చుక్కలుగా తాపించినాను. అది లావెక్కింది. రాగినారు నాటినట్టు నాటుదామని బొటనవేలి గోరుతో గిల్లి చూస్తే, గిల్లిన ముక్క ముక్కా మొలిచింది. రెండు నెలలకు నలభై దాటినాయి. రాళ్లు కనపడకుండా కమ్ముకున్నాయి. పచ్చ పగడం మాత్రం దినదినానికీ వేళ్లు లోపలికి లాక్కుని, చివరికి ఉత్త రాయిగా మిగిలింది.

"మా తమ్ముడి పగడం ముడుచుకుంటాండాది, చూడరాదా?"

"అరటిచెట్టు పిలకలేసినాక ఏమైతాది? తల్లి పోతాది, పిలకలు నిలుస్తాయి. ఇదీ అంతే." ఈ సిద్ధాంతాన్ని నోటుబుక్కులో పెద్దక్షరాలతో రాసిపెట్టుకున్నాను కూడా.

పది దినాల్లో వస్తాండానని నాగరాజు ఫోను చేసినాడు. "ఒకటిచ్చినావు, నలభై తీసుకుని పో" అన్నాను. "నలభైయా?" అని టక్కున ఫోను పెట్టేసినాడు. ఆనందం పట్టలేక కాబోలనుకున్నాను. ఆ పొద్దే ఆ ఉత్తరాయిని తీసి నారాయణమ్మ చేతికిచ్చి దిబ్బలో వేయమన్నాను.

నాగరాజు వచ్చినాడు. భుజం మీది సంచి దించకుండానే తొట్టి ముందర నిలబడినాడు.

"బావా, నా పగడం యాడ?"

"ఎదురుగా ఉండేవి ఏమనుకున్నావు?"

"ఇది కలుపు బావా. పక్కనున్న పగడాన్ని ఆ వెంట్రుకలతో కుట్టి కుట్టి చంపుతాది. గిల్లితే ఒకటి పదైతాది. దీన్ని ఎవురన్నా గిల్లుతారా?"

నా బొటనవేలు దానంతటదే వీపు వెనక్కి పోయి దాక్కుంది. "తుంగ మాదిరా?"

"తుంగే."

ముప్పై ఏళ్లు తుంగతో కొట్లాడి నడుము వంగినవాణ్ని నేను. దాన్నే పట్నం నుంచి వచ్చిన చుట్టం మాదిరి రొయ్యల పొడి పెట్టి మేపినాను. నాగరాజు జారిన సంచిని భుజానికి ఎగదోసుకున్నాడు. కళ్లు తుడుచుకుని గడప వైపు తిరిగినాడు.

వంటింట్లోంచి నారాయణమ్మ గొంతు వినిపించింది. "ఏమ్రా, అట్లే పోతాండావా? నీ రాయి నువ్వు తీసుకుని పో."

"ఏ రాయి అక్కా?"

"మీ బావ దిబ్బలో ఎయ్యమన్నాడు. నా తమ్ముడి వస్తువు దిబ్బలో ఎట్లేస్తా? నీళ్లల్లోదాన్ని నీళ్లల్లోనే ఏసినా."

తొట్టికి నారాయణమ్మ ఉప్పునీళ్లు కలిపే డ్రమ్ము పెరట్లో ఉంది. మూత తీసి చూస్తిమి. లోపల పంపు తిరుగుతోంది. ఆ నీళ్లలో పచ్చటి వేళ్లు, కొనల సుత్తులతో సహా, అన్నీ విచ్చుకుని ఊగుతున్నాయి. నాగరాజు డ్రమ్ము పక్కనే కూలబడి నవ్వినాడు.

"ఎప్పుడు విచ్చుకునిందిమే?" అన్నాను.

"నాలుగు దినాలాయ."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే దానిక్కూడా ఒక పేరు పెట్టి, పొడేసి మేపుతావని."

ఆ పొద్దే తూర్పుకు తిరిగి, నిఘంటువు మీద కుడిచెయ్యి పెట్టి ప్రమాణం చేసినాను. ఇకమీదట నీళ్లలో మొలిచింది ఏదైనా సరే, నారాయణమ్మ చూసి చెప్పేదాకా దానికి పేరు పెట్టను, మేత పెట్టను, గోరు పెట్టను. నాగరాజు ఇప్పటికీ మా గడప తొక్కుతానే ఉన్నాడు. వచ్చినప్పుడల్లా ముందు నా బొటనవేలి గోరు చూసి, ఆ తర్వాతే చెప్పులు విడుస్తాడు.