నెట్టు మీద పసుపు

మా లిఫ్టర్ కాక చనిపోయాడన్న కబురు మంగళవారం పొద్దున మా వాలీబాల్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పది నిమిషాల్లో దాని కింద దండం బొమ్మలు బారులు తీరాయి. ఒక్కో పేరూ చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. ఆయన బతికుండగా ఆయన మీద నోరు పారేసుకోని పేరు అందులో ఒక్కటీ లేదు. నా పేరుతో సహా.

ఆర్మూర్‌లో పొద్దున్నే ఆడే మా గుంపును మీలో కొందరు చూసే ఉంటారు. గంట ఆట, గంటన్నర చాయ్. ఆ రోజు ఎవరు రాకపోతే వాళ్లదే ముచ్చట. అందుకే మాలో కొందరు జ్వరం వచ్చినా మానరు.

కాక మాకు బంతి లేపి ఇచ్చేవాడు. కొట్టేవాడికే చప్పట్లు, లేపేవాడిని ఎవరు చూస్తారు? ఆయనకు పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము ఉండేది. ఎంత కడిగినా వేళ్ల సందుల్లో పసుపు పోయేది కాదు. మా ఆటకు అంపైర్ లేడు. నెట్టు తగిలినవాడు తానే చెయ్యెత్తి ఒప్పుకోవాలి. ఎవరూ చూడకపోతే మేమంతా చప్పుడు చేయకుండా ఉండేవాళ్లం. కాక మాత్రం వేలి కొన తగిలినా చెయ్యెత్తేవాడు. గెలిచే పాయింటు పోగొట్టావని తిడితే, నెట్టు పైనున్న తెల్లపట్టీకి అంటిన తన వేలి పసుపు చూపించి నవ్వేవాడు.

"నా నోరు అబద్ధమాడినా గీ పసుపు ఆడదు బిడ్డా."

నాకు ఆట నేర్పింది ఆయనే. "బంతిని సూడు, మందిని సూడకు" అనేవాడు. పొట్టివాడినని అందరూ నవ్వుతుంటే, నాకు అందేలా జానెడు కిందికి లేపి ఇచ్చేవాడు. ఆ సంగతి ఎవరికీ తెలియనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషి మీద మొదటి మాట నేనే అన్నాను.

పోయిన చలికాలం ఆయన చేతులు వణకడం మొదలైంది. ఒకరోజు వరుసగా మూడు బంతులు జారవిడిచాడు. ఓడిపోయిన కోపంలో చాయ్ దగ్గర నేనన్నాను: "కాక పొద్దుగాల్నే ఏసుకొని వస్తుండు." అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు బాగానే ఉండింది. వారంలో మాట ఊరంతా తిరిగింది. ఇందల్వాయి హోటల్ దగ్గర బస్సు దిగుతూ తూలిండని ఒకడు, భీమ్‌గల్ కల్లు దుకాణంలో కనిపించిండని ఇంకొకడు. చివరికి మా కెప్టెన్ చెప్పేశాడు: "కాకా, జర పక్కకు కూసో. నలుగురు నాలుగు రకాలు అంటుండ్రు."

కాక నెట్టు దగ్గరే నిలబడి అందరినీ చూశాడు. "నేను తాగొస్తనని మొదలు ఎవరన్నరు? చెయ్యి లేపుండ్రి. నేనేం కొట్లాడ. తెల్సుకుంట, గంతే."

ఒక్క చెయ్యీ లేవలేదు. నేను వంగి బూటు లేసు కట్టుకున్నాను. అది కట్టే ఉంది. కాక తువ్వాల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు, మళ్లీ ఆటకు రాలేదు.

దహనం రోజు ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నరాల బీమారి బిడ్డా. హైదరాబాద్ దవాఖానకు తిరిగి తిరిగి యాష్టకొచ్చిండు. కల్లు మొకం సూడనోన్ని పట్టుకొని గట్లెట్ల అన్నరు?"

నేను మెల్లగా చెయ్యి విడిపించుకుని కట్టెలు అందించే వాళ్లలో కలిసిపోయాను. పిరికివాడిని.

నిన్న పొద్దున గ్రౌండ్‌లో రెండు నిమిషాలు మౌనం పాటించాం. తర్వాత కెప్టెన్ గొంతు సవరించుకుని, "అసొంటి మనిషి మల్ల దొరకడు" అన్నాడు. ఆయనను పక్కకు కూర్చోమన్న నోటితోనే. అందరూ తలలూపుతుంటే నేను చెయ్యెత్తాను.

"ఏందిరా, నువ్వు గూడ మాట్లాడుతవా?" కెప్టెన్ అడిగాడు.

"కాక తాగొస్తుండని మొదలు అన్నది నేనే."

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇప్పుడెందుకురా గవన్నీ" అంటూ కెప్టెన్ బంతి అందుకున్నాడు. ఆట మొదలైంది. నేను చెయ్యి దించలేదు. ఎదురుగా నెట్టు తెల్లపట్టీ మీద, కాక నిలబడే చోట, రెండు వేళ్ల మేర పసుపు ఇంకా ఉంది.