సెలవుల్లో డ్రమ్ము తిప్పిందెవరు?

నేను దయ్యాల్ని నమ్మను. ఇది రాశానని చెప్పి నన్ను ఆ లెక్కలో వేయకండి. చిన్నప్పుడు మా చల్లపల్లిలో కరెంటు పోతే పెద్ద పిల్లలు కథలు మొదలుపెట్టేవాళ్ళు. అందరూ దుప్పటి కప్పుకుంటే నేను మాత్రం "అది నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?" అని అడిగి కథ చెడగొట్టేదాన్ని. ఇప్పుడు నేను చెప్పేది మాత్రం నేను చూసిందే. చూసినప్పుడు నాకు భయం వేయలేదు. ఒళ్ళు మండింది, అదింకా చల్లారలేదు.

విజయవాడలో బయో ఎకానమీ అనే ఎమ్మెస్సీ చదువుతున్నాను. పేరు చెప్పగానే మా బంధువులు "అంటే బ్యాంకు ఉద్యోగమా అమ్మా?" అంటారు. కాదండీ. వరిగడ్డి, చెరకు పిప్పి, అరటి బోదెలు, ఇలా మన డెల్టాలో పారేసేవీ తగలబెట్టేవీ బోలెడున్నాయి. వాటితో గ్యాసు, ఎరువు, గుడ్డ, కాగితం ఏం చేయొచ్చు, చేస్తే ఎవరు కొంటారు, చట్టం ఏమంటుంది, ఇదీ మా చదువు. సైన్సు వాళ్ళు, కామర్సు వాళ్ళు, ఇంజనీరింగు వాళ్ళు ఒకే క్లాసులో కూర్చుంటాం. వినడానికి గొప్పగానే ఉంటుంది. ఏదైనా అవసరం పడితే మాత్రం ఏ డిపార్ట్‌మెంటుకి వెళ్ళినా "మీరు మావాళ్ళు కాదు" అంటారు.

మా కోర్సులో ఇంకో పద్ధతి ఉంది. ప్రాజెక్టు ఒక్కరే చేయకూడదు. వేర్వేరు డిగ్రీలు చదివి వచ్చిన ఇద్దరు కలిసి చేయాలి. ప్రాజెక్టు పుస్తకం అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉండాలి. నేను బీకాం. మాది చేనేత కుటుంబం, నాన్నకి చల్లపల్లిలో బట్టల కొట్టు. నాకు జోడీగా వచ్చిన అమ్మాయి ఎస్తేరు, బీఎస్సీ మైక్రోబయాలజీ. వాళ్ళది ఉయ్యూరు పక్కన పల్లె. అమ్మానాన్నలు చెరకు కోతకి వెళ్తారు.

ప్రాజెక్టు ఆలోచన పూర్తిగా ఎస్తేరుదే. చక్కెర ఫ్యాక్టరీల్లో చెరకు రసం వడకట్టాక నల్లటి మడ్డి మిగులుతుంది. దాన్ని మూత బిగించిన డ్రమ్ములో పేడనీళ్ళతో కలిపి మురగబెడితే గ్యాసు వస్తుంది. "పుట్టినప్పట్నుంచీ ఈ కంపు పీలుస్తున్నాంగా, ఒక్కసారైనా దీంతో టీ కాచుకు తాగాలే" అనేది.

కాలేజీ వెనక రేకుల షెడ్డులో డ్రమ్ము పెట్టాం. ఒకసారి నింపితే చాలు. కానీ రోజూ పొద్దున్నే పిడి పట్టుకుని తిప్పి లోపలి సరుకు కలపాలి. కలపకపోతే పైన తెట్టు కట్టి గ్యాసు పడిపోతుంది. ఆ తెట్టు కనిపించడానికి డ్రమ్ము పక్కన చిన్న అద్దం ఉంది, ఎంత గ్యాసు వచ్చిందో చూపించడానికి మీటరు ఉంది. లోపల ఒక రెక్క వంగిపోయి పిడి వెనక్కే తిరిగేది. ముందుకి తిప్పబోతే టక్కున ఆగిపోయేది. బాగు చేయించండి సార్ అని గైడు గారిని అడిగి అడిగి వదిలేశాం.

పొద్దున్నే ఆ పిడి తిప్పే పని ఎస్తేరు ఎవరికీ ఇచ్చేది కాదు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని లెక్కలు చూసుకునేదాన్ని. ఒకరోజు, వచ్చిన గ్యాసు నిండడానికి డ్రమ్ముకి తగిలించిన సంచి దారం తెగింది. మగ్గం మీద తెగిన పోగుని అతికేటప్పుడు మా ఇంట్లో వేసే ముడి వేసి అతికాను. తనకూ నేర్పమని ఎస్తేరు పట్టుబట్టింది. ఆమెది ఎడమచేతి వాటం. ఎన్నిసార్లు నేర్పినా ముడి తిరగేసి పడేది. నా ముడిలో కొస కుడివైపుకి వస్తే ఆమె ముడిలో ఎడమవైపుకి వచ్చేది. "నువ్వు ఎడ్డెమంటే తెడ్డెమంటావే" అని నవ్వేదాన్ని.

దసరా సెలవులకి కొద్దిరోజుల ముందు ఎస్తేరుకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. అది తగ్గలేదు. మేం చూస్తుండగానే అంతా అయిపోయింది. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

ఎస్తేరు పోయాక వాళ్ళింట్లో పెట్టిన ఆదరణ కూడికకి వాళ్ళ ఊరు వెళ్ళాను. ప్రార్థన అయ్యాక వాళ్ళమ్మ నన్ను పక్కకి పిలిచింది. "ఆ పుస్తకం మీద మా పిల్ల పేరు ఉంటదిగా, వాణమ్మా?" అని అడిగింది. ఆ తల్లి అడిగింది అదొక్కటే. ఉంటుందండీ, ఎందుకుండదు అన్నాను. అటునుంచి అటే చల్లపల్లి వెళ్ళిపోయి సెలవులన్నీ ఇంట్లో పడుకున్నాను. షెడ్డు తాళంచెవి నా సంచిలోనే ఉండిపోయింది. రెండోది ఎప్పుడో పోయిందని గైడు గారే చెప్పారు.

కాలేజీ తెరిచిన రోజు షెడ్డుకి వెళ్ళాను. అన్ని రోజులు ఎవరూ కలపలేదు కాబట్టి తెట్టు అట్టలా కట్టి ఉండాలి. అద్దంలో చూస్తే అప్పుడే కలిపినట్టుంది. మీటరు చూస్తే ఎస్తేరు రోజూ కలుపుతున్నప్పుడు ఎలా పెరిగేదో సరిగ్గా అలాగే పెరిగి ఉంది. గ్యాసు సంచి నిండుగా ఉంది. తాళం వేసింది వేసినట్టే ఉంది.

ఆ సంగతి చెబుదామని గైడు గారి గదికి వెళితే ఆయన ఇంకో సంగతి చెప్పారు. జంటగా చేయాలి కాబట్టి ఎస్తేరు స్థానంలో మా క్లాసులోనే ఉన్న, ఇంజనీరింగు నుంచి వచ్చిన కార్తీక్ పేరు వేశారట.

"చూడమ్మా, బాధగానే ఉంటుంది. కానీ డిగ్రీ తీసుకోవడానికి ఆ అమ్మాయి లేదు కదా. లేని మనిషి పేరు దేనికి? ఉన్నవాడికి పనికొస్తుంది" అన్నారు.

కార్తీక్ ఆ షెడ్డు గుమ్మం తొక్కలేదు. దాని వాసన పడదని షెడ్డు వైపున్న క్యాంటీను కూడా మానేసి రెండోవైపుదానికి వెళ్ళేవాడు. ఆరు నెలలు చేతులు బొబ్బలెక్కేలా డ్రమ్ము తిప్పిన అమ్మాయి పేరు కొట్టేసి వాడి పేరు రాస్తారా! నేనక్కడ ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు. బయటికి పొమ్మన్నారు.

అప్పుడు నాకు వచ్చిన అనుమానం దయ్యం మీద కాదు, కార్తీక్ మీద. వీడే ఎలాగో తాళంచెవి సంపాదించి డ్రమ్ము తిప్పి, రేపు నేనే చేశానంటాడు అనుకున్నాను. వాచ్‌మన్ సుబ్బారావు గారిని అడిగితే "సెలవుల్లో ఈగ కూడా రాలేదమ్మా" అన్నాడు. కాలేజీలో కెమెరా ఉంది గానీ అది కార్లు పెట్టే చోటుని చూస్తుంది. మా షెడ్డు దానికి కనపడదు.

దొంగని పట్టుకుందామని, నాన్న కొట్లోంచి తెచ్చుకున్న నూలు దారంతో పిడిని పక్కనున్న ఇనప కడ్డీకి కట్టాను. మా ఇంటి ముడే వేశాను. పిడి కదలాలంటే దారం తెంపాలి, లేదా ముడి విప్పాలి. డ్రమ్ము కలపకుండా తాళం వేసి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున తెట్టు లేదు. మీటరు పెరిగింది. దారం తెగలేదు. కట్టిన చోటే, అంతే బిగువుగా ఉంది. ముడి మాత్రం నాది కాదు. కొస ఎడమవైపుకి ఉంది.

ఫోటో తీశాను. ముడి కత్తిరించి కొత్త దారంతో మళ్ళీ కట్టాను. తర్వాతి రోజూ అదే. ఆ తర్వాతా అదే. ఒకరోజు తెల్లారకముందే వెళ్ళి లోపల తలుపేసుకుని కూర్చున్నాను. పిడి కదల్లేదు. బాగా పొద్దెక్కేదాకా కూర్చుని లేచాను. ఆ ఒక్కరోజే తెట్టు కట్టింది.

ఆ కాలేజీలో ఆ ముడి తెలిసినవాళ్ళం ఇద్దరమే. మిగిలింది నేను, నాది కుడిచేతి వాటం.

హాస్టల్లో ఎలాగో తెలిసిపోయింది. "ఎస్తేరు దయ్యమైందంట" అని గుసగుసలు. వాళ్ళ మీదా కోపమొచ్చింది. బతికున్నప్పుడు దాని పక్కన కంచం పెట్టుకోవడానికి మొహం చిట్లించినవాళ్ళు, పోయాక దయ్యం చేసి కూర్చోబెట్టారు. ఇంకోసారి ఆ మాటంటే ఊరుకోనని మెస్సులో అందరి ముందూ అరిచాను.

వైవా రోజు వచ్చింది. నేను అట్ట మీద ఎస్తేరు పేరూ నా పేరూ వేయించి తీసుకెళ్ళాను. గైడు గారు కార్తీక్ పేరుతో వేరే కాపీ తెచ్చారు. బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు పెద్దాయన రెండూ పక్కపక్కన పెట్టుకుని మీటరు లెక్కల దగ్గర ఆగారు.

"సెలవుల్లో కలపకుండా ఈ గ్యాసు రాదు. ఎవరు కలిపారు?" అని అడిగారు.

"ఈ అబ్బాయేనండీ" అన్నారు గైడు గారు. అంత అనాయాసంగా అన్నారు!

"అవును సార్" అన్నాడు కార్తీక్.

నేను లేచాను. "పిడి ముందుకి తిప్పావా, వెనక్కి తిప్పావా?" అని అడిగాను. వాడు గైడు గారి వంక చూశాడు. ఆయన తన పెన్ను వంక చూసుకున్నారు. "ముందుకే" అన్నాడు. ముందుకి తిరగదు సార్, కావాలంటే షెడ్డుకి రండి అన్నాను. ఎగ్జామినరు నిజంగానే వచ్చారు, ముక్కుకి రుమాలు కట్టుకుని. ముందుకి తిప్పి చూశారు. పిడి ఆగిపోయింది.

"సరే, ఇతను కాదు. మరి ఎవరు? నువ్వా?"

నేను ఊళ్ళో లేను సార్ అన్నాను. వాచ్‌మన్ మాట, తాళంచెవి సంగతి, ముడి ఫోటోలు, అన్నీ ఆయన ముందు పెట్టాను. ఆయన ఓపిగ్గా చూశారు. ఫోన్ తిరిగి ఇచ్చేసి, "చనిపోయినవాళ్ళు పని చేయరమ్మా. కాబట్టి ఈ లెక్కలు మీరు కల్పించినవి" అన్నారు.

అంతటితో వదలకుండా దయ కూడా చూపించారు. సెలవుల లెక్కలు తీసేసి, ఆ అమ్మాయి పేరు తీసేసి, ఇప్పుడున్న ఇద్దరి పేర్లతో ఇస్తే పాస్ చేస్తామన్నారు. అబద్ధం చెప్పి అప్పుడే పట్టుబడినవాడి పేరు ఉండొచ్చు. ఎస్తేరు పేరు ఉండకూడదు. నేను ఒప్పుకోలేదు. నన్ను ఫెయిల్ చేశారు. కార్తీక్‌ని ఇంకో జంటలో మూడోవాడిగా కలిపి గట్టెక్కించారు. వాడు ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు.

ఈ ప్రాజెక్టు చేయడం ఇది నాకు రెండోసారి. అదే షెడ్డు, అదే డ్రమ్ము, కొత్తగా నింపిన మడ్డి. ఈసారి నేను కలపని రోజున తెట్టు కడుతోంది. కాబట్టి డ్రమ్ములో ఏ మహిమా లేదు. మడ్డిలో, మీటరులో తేడా ఉందేమోనని రెండింటినీ పరీక్ష చేయించాను. ఏ తేడా లేదు. కాలేజీలో ఎవరైనా ఆట పట్టించారేమో అనుకుని ఒక్కొక్కరినీ తలుచుకుని చూశాను. సరిపోయే మనిషి దొరకలేదు.

ఎస్తేరు వాళ్ళమ్మకి జరిగినదంతా వెళ్ళి చెప్పాను. దాచడం నావల్ల కాలేదు. ఆవిడ అంతా విని, "నా బిడ్డని దయ్యమనమాకండమ్మా. అది ప్రభువు దగ్గరుంది" అంది. నేను అనలేదండీ అన్నాను. "మరి డ్రమ్ము ఎవరు తిప్పారు?" అని నన్నే అడిగింది. నాకు తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు.

మొన్న గైడు గారు మళ్ళీ పిలిచారు. ఎస్తేరు పేరే వేస్తానని ఈసారైనా మొండిపట్టు పట్టొద్దన్నారు. చనిపోయిన మనిషి ఆ పని చేసిందంటే నవ్విపోతారన్నారు. నేనెప్పుడు అన్నాను ఆ మాట? నాకు తెలియదనే అన్నాను. తెలిసిందల్లా ఆ పని జరిగిందని. సెలవుల్లో ఆ డ్రమ్ము తిప్పిన బతికున్న మనిషిని ఒక్కరిని తెచ్చి నా ముందు నిలబెట్టండి సార్, ఎస్తేరు పేరు నా చేత్తో నేనే తీసేస్తాను అని చెప్పి వచ్చేశాను.